చుట్టుదోవ

నారప్ప సామి మఠానికి సుంకన్న ఆ రోజు మొక్కుకోవడానికి రాలేదు. పెండ్లాన్ని వదిలేయడానికి సామి చేత ఒక మాట అనిపించుకుందామని వచ్చాడు.

మఠం అంటే మేడలూ మంటపాలూ ఏమీ కావు. గుట్ట మొదట్లో రెండు గదుల మట్టిమిద్దె, దాని ముందు విశాలంగా అలికిన వాకిలి, చుట్టూ నడుమెత్తు గోడ. సామి కిత్తనార తాళ్లు పేనుకుని బతికేవాడు. శిష్యులు తెచ్చిన బియ్యం శిష్యులకే వండిపెట్టేవాడు. లోపలి గదిలో ఒక పీట మీద సామివారి గురువుగారి పాదుకలుండేవి. వచ్చిన ప్రతిసారీ వాటిని కడిగి, తుడిచి, నెత్తిన పెట్టుకున్నాకే సుంకన్న నోరు విప్పేవాడు. పదేళ్ల శిష్యరికం మరి. తత్త్వాలన్నీ కంఠతా వచ్చు. ఏకతార మీటుతూ కళ్లు మూసుకున్నాడంటే వినేవాళ్లకు ఇల్లూ వాకిలీ గుర్తుండేవి కావు. పాడేవాడికి అసలే ఉండేవి కావు.

ఆ రోజు కూడా పాదుకల సేవ అయ్యాక సామి ముందు కూర్చున్నాడు.

"మీ నాయన దినాలు అయిపోయినాయా?" అడిగాడు సామి.

"నిన్నటితో అయినాయి సామీ. హనుమక్కను వాళ్లింటికి పంపించేస్తాండా. దానికీ నాకూ పొసగదు. రేపు దాని తమ్ముడు బండి కట్టుకుని వస్తాడు. మీరొక మాట అంటే నా మనసు నిమ్మళమైతాది."

సామి నార పేనుతూనే ఉన్నాడు. సుంకన్న చెప్పుకొచ్చాడు.

ఊళ్లో బావులవి ఉప్పునీళ్లు, అవి కూడా ఎండి మూడు నెలలయింది. తాగే నీళ్లంటే ఎప్పుడూ వంకలో ఇసుక తోడి చేసుకున్న చెలమ ఒక్కటే దిక్కు. దానికి దోవలు రెండు. బీడుకు అడ్డం పడి పోతే పొయ్యి మీద ఎసరు కాగేలోపు కుండతో తిరిగి రావచ్చు. గుట్ట చుట్టూ తిరిగి పోతే అన్నం ఉడికి, వార్చి, చల్లారిపోతుంది. హనుమక్క ఆరేళ్లుగా గుట్ట చుట్టూనే తిరుగుతోంది.

చెప్పి చూశాడు. తిట్టి చూశాడు. "మా ఇంటిదానికి దగ్గర దోవ కనపడదు, నెత్తిన కుండ ఉంటే గుట్టకు ప్రదక్షిణం చేయాల్సిందే" అని నలుగురిలో ఎగతాళి చేశాడు. నలుగురూ నవ్వారు. హనుమక్క కుండ దించి లోపలికి పోయింది. ఎందుకు పోతావుమే అట్ల, అని ఎప్పుడడిగినా ఒకటే జవాబు. "ఊరికే."

పన్నెండు రోజుల కిందట, మిట్టమధ్యాహ్నం, సుంకన్న తండ్రికి ఎక్కిళ్లు పట్టుకున్నాయి. నీళ్లు, అన్నాడు ముసలాయన. ఇంట్లో చుక్క లేదు. హనుమక్క చెలమకు పోయింది. సుంకన్న పక్కింటికి పరుగెత్తితే వాళ్ల కుండా ఖాళీయే. ఆ పై ఇంట్లో అరచెంబు దొరికింది. అది పట్టుకుని వచ్చేసరికి తండ్రి నోరు తెరుచుకునే ఉంది, మనిషి లేడు. ఆ తర్వాత చాలాసేపటికి గుట్ట మలుపులో హనుమక్క కనిపించింది, నెత్తి మీద కుండ తొణకకుండా నడిచి వస్తూ.

"దగ్గర దోవన వచ్చింటే మా నాయన గొంతులో ఇన్ని నీళ్లు పడేవి సామీ." అన్నాడు సుంకన్న. "ఆ మాట దాని మొగం మీదే అన్నా. ఉలుకు లేదు, పలుకు లేదు. మా పిల్లోడు పోయినప్పుడూ ఇంతే. ఏడు నెలల బిడ్డ జ్వరమొచ్చి చేతుల్లో పోతే కంట తడి పెట్టలేదు. అది రాయి సామీ. రాయితో ఎన్నాళ్లని కాపురం చేసేది?"

"మీ నాయనకు ఎక్కిళ్లు వచ్చేటప్పుడు నువ్వు యాడుంటివి?"

"ఇంట్లోనే, అరుగు మీద."

"ఏం జేస్తాంటివి?"

సుంకన్న కొంచెం తడబడ్డాడు. "తత్త్వం పాడుకుంటాంటి."

సామి తాడును కాలివేలికి తగిలించి బిగించాడు.

"ఆ దగ్గర దోవలో ఏముండాది?"

"ఏముంటాది సామీ. బీడు. కంపచెట్లు, ఈతచెట్లు. పసిబిడ్డలు పోతే ఊరోళ్లం ఆడనే పెడతాం. మావోణ్నీ ఆడనే పెడితిమి."

"ఏ తావున?"

"తొక్కుడు పడే తావు కాదులే సామీ, దోవకు దూరం. ఈతచెట్టు పక్కన. పైన రాళ్లు పేర్చినాం. నాకు తెలుసు గదా. నేనూ మా నాయనా ఇద్దరమే పోయి పెట్టి వస్తిమి."

"నువ్వు మళ్లీ ఆ పక్కకు పోయి ఎన్నాళ్లయింది?"

"నాకేం పని సామీ ఆడ? మా చేను ఇటు దిక్కు గదా."

"హనుమక్కకు ఆ తావు తెలుసునా?"

"ఆడోళ్లు ఆడికి రారు గదా. తల్లికి తావు చెప్పగూడదని పెద్దోళ్ల మాట. చెబితే పొద్దుమానం పోయి ఆడనే కూచుంటారంట." సుంకన్న కాస్త నిటారుగా కూర్చున్నాడు. "అయినా అదెప్పుడూ అడగలేదు. నేను మాత్రం మూడోనాడే ఏకతార పట్టినా సామీ. అంతా మట్టే అని మీరు చెప్పిందే గదా."

బిడ్డను మట్టిలో పెట్టిన మూడోనాడు పాట పాడగలిగినందుకు ఆరేళ్ల తర్వాత కూడా అతనికి గర్వంగానే ఉంది. అలాంటి గర్వాలు కూడా ఉంటాయి మనుషులకు.

"రేపు పొద్దున్నే రా" అన్నాడు సామి.

మర్నాడు తెల్లవారగానే సుంకన్న వచ్చాడు. వాకిలి దాటి, అరుగెక్కి, చెంబుతో నీళ్లు తీసుకుని లోపలికి పోయాడు. పీట ఖాళీగా ఉంది.

"సామీ, పాదుకలు లేవు!"

"వాకిట్లో పాతిపెట్టినా" అన్నాడు సామి, అరుగు మీద కూర్చుని నార చిక్కు తీసుకుంటూ.

"ఏందీ?"

"కొయ్యముక్కలు. మట్టిలోకి పోక యాడికి పోతాయి? నిన్న సాయంత్రం గుడ్డలో చుట్టి పెట్టేసినా. పైన అలికి, ఊడ్చినా."

సుంకన్న వాకిలి వైపు చూశాడు. ఈ చివర నుంచి ఆ చివరి దాకా ఒకే నునుపు. దాని నడిమధ్యలో, గవిని తలుపు దగ్గర్నుంచి అరుగు దాకా, తన పాదాల గుర్తులు వరసగా ఉన్నాయి. గబగబా లెంపలేసుకున్నాడు.

"యాడ పెట్టినారు సామీ?"

"వాకిట్లోనే." సామి గవిని వైపు చెయ్యి చూపాడు. "ఆ మూల నారకట్ట ఉండాది, పట్టుకరా."

సుంకన్న అరుగు దిగబోయాడు. కాలు ముందుకు పెట్టాడు, వెనక్కి తీసుకున్నాడు. ఇంకోపక్క పెట్టబోయి అక్కడా ఆగాడు. చివరకు అరుగు కొస నుంచి గోడ మీదికి ఎగబాకి, చేతులూ మోకాళ్లూ గీరుకుపోతుంటే పాకుతూ, మూడు పక్కలా తిరిగి ఆ మూలకు చేరాడు. కట్ట చంకన పెట్టుకుని మళ్లీ అలాగే వచ్చాడు. చెమటలు కారుతున్నాయి.

"నార తెమ్మంటే ఇంతసేపా?" అన్నాడు సామి. "నడుమ నుంచి పోతే పదడుగులు."

"కాలు యాడ పెట్టేది సామీ? ఏ తావున ఉండాయో తెలిస్తే పక్క నుంచి పోవచ్చు. తెలీనప్పుడు వాకిలంతా..."

మాట అక్కడ ఆగిపోయింది.

సామి కట్ట విప్పి నార వేరు చేసుకుంటున్నాడు. సుంకన్న అలాగే నిలబడి ఉన్నాడు. తర్వాత కూర్చున్నాడు. ఎండ అరుగు మీదికి వచ్చేదాకా కూర్చున్నాడు. లేచేటప్పుడు ఒక్కటే అడిగాడు.

"ఇప్పుడన్నా చెప్పండి సామీ, యాడుండాయి?"

"నాకు తెలుసులే" అన్నాడు సామి.

ఆయన నిజంగా పాతిపెట్టాడో, అటక మీద దాచాడో దేవుడికే తెలియాలి. సుంకన్న మాత్రం గోడ మీదుగానే తిరిగి బయటపడ్డాడు.

ఇంటికి పోలేదు. నేరుగా బీడుకు పోయాడు. ముందు ఆ తావు ఒకసారి చూసుకుని, తర్వాత హనుమక్కను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి, ఇదిగో ఇక్కడ, అని చూపించాలని అతని ఆరాటం. పెద్దోళ్ల మాట పెద్దోళ్ల దగ్గరే ఉండనీ అనుకున్నాడు. దోవ పొడుగునా ఆమెకు చెప్పవలసిన మాటలు కూడబలుక్కున్నాడు.

బీడులో ఈతచెట్లు ఎనిమిది ఉన్నాయి.

అతని గుర్తులో ఒకటే చెట్టు. పొట్టిది, ఒకపక్కకు వాలినది. ఇప్పుడు పొట్టివి మూడున్నాయి, వాలినవి నాలుగున్నాయి. రాళ్ల కోసం వెతికాడు. రెండేళ్ల కిందట వంక పొంగి ఈ బీడు మీదుగానే పారింది. ఊళ్లో ఎవరి గోడలు పడ్డాయో తిరిగి చూశాడు గాని, ఆ రోజు ఇది తలపుకే రాలేదు. అప్పటి చెట్టు వీటిలో ఉందో, వంకలో కొట్టుకుపోయిందో. తెలిసిన రెండో మనిషి తండ్రి. గడ్డపార పట్టింది ఆయనే. ఆయన పోయి పదమూడు రోజులు.

కొంచెం అవతల బండి చక్రాల గాడి కనిపించింది. తాజాది. హనుమక్క తమ్ముడు ఈరన్న వంక అవతలి ఊరి నుంచి పొద్దున్నే దగ్గర దోవన వచ్చేసినట్టున్నాడు. ఆ గాడి రెండు చెట్ల మధ్యగా పోయింది. సుంకన్న దాన్ని చూసి, ఎత్తిన కాలు ఎత్తినట్టే నిలబడిపోయాడు. ఎక్కడ దించాలో తెలియలేదు.

ఏడుపు రాలేదు. తత్త్వమూ రాలేదు. వచ్చిన అడుగుల్లోనే ఒక్కొక్క అడుగూ వెనక్కి వేసుకుంటూ బీడు దాటి, గుట్ట చుట్టూ తిరిగి ఇల్లు చేరాడు.

వాకిట్లో బండి ఉంది. ఈరన్న ఎద్దులకు గడ్డి వేస్తున్నాడు. లోపల హనుమక్క చీరలు మూట కడుతోంది. మూలనున్న కుండ నిండా నీళ్లున్నాయి, మీద మూత పెట్టి ఉంది. పోయేముందు కూడా గుట్ట చుట్టూ ఒకసారి తిరిగి వచ్చిందన్నమాట.

"హనుమా" అన్నాడు సుంకన్న. అలా పిలిచి ఏళ్లయింది. "మనోణ్ని ఆ బీడులో... ఈతచెట్టు పక్కన పెట్టినాం."

ముడి వేస్తున్న చేతులు ఆగాయి. ఆమె తల ఎత్తి అతని ముఖంలోకి చూసింది. ఈ ఒక్క మాట కోసం ఆరేళ్లు నోరు కట్టుకున్న మనిషి చూపు అది.

"ఏ చెట్టు?" అంది.

సుంకన్న మూలనున్న కుండ వైపు చూశాడు.

"ఎనిమిదుండాయి ఆడ" అంది హనుమక్క. "దినామూ గుట్ట మలుపులో కుండ దించి చూస్తాంటి. ఆ పొద్దూ చూస్తాంటి, మామ పోయిన పొద్దు. ఏ చెట్టు?"

"తెల్దు."

హనుమక్క చూపు మూట మీదికి దించుకుంది.

"మామను అడుగుదామనుకుంటి" అంది ఆమె నెమ్మదిగా. "ఆరేండ్లూ అనుకుంటానే ఉంటి. నోరు రాకపాయ."

ముడి బిగించింది. మూట చంకన పెట్టుకుంది.

"పోవద్దు" అన్నాడు సుంకన్న. గొంతు అతనికే వినపడలేదు. వినపడినా ఏం లాభం? బండి పిలిపించింది తనే. ఆమె పక్క నుంచి దాటిపోయి బండెక్కి కూర్చుంది. కళ్లలో కోపం లేదు. కోపముంటే ఇంకా ఏదో మిగిలి ఉందనుకునేవాడు.

ఈరన్న ఎద్దుల్ని కట్టి, తోలుకర్ర అదిలించాడు. బండి బీడు వైపు తిరిగింది. హనుమక్క రెండు చేతులా బండి పక్కకర్ర పట్టుకుంది. పెదవులు కదిలాయి. తమ్ముడికి ఏమని చెప్పాలో తెలియక అలాగే మూసుకుంది.

సుంకన్న పరుగెత్తి ఎద్దులకు అడ్డం వెళ్లాడు. కాడి పట్టుకుని, బలమంతా వేసి, గుట్ట వైపు మళ్లించాడు.

"ఏం బావా?" అన్నాడు ఈరన్న విసుగ్గా. "దగ్గర దోవ ఇట్లుంటే చుట్టూ తిప్పుతావేంది?"

సుంకన్న కాడి వదల్లేదు. గుట్ట వైపే చూస్తూ అన్నాడు.

"ఊరికే."