నివురు కప్పుకున్న చెరువు

ఒకప్పుడు చెరువులకి దాచుకోవడం తెలియదు. సూర్యుడు ఇచ్చిన వేడిని ఇచ్చినట్టే వాడేసేవి. మధ్యాహ్నానికి నీళ్ళు వేడివేడిగా అయిపోయేవి. పొద్దుగూకగానే చల్లారిపోయేవి. తెల్లవారేసరికి వేలు పెడితే కొరికేసేంత చలి! ఒడ్డున ఉన్న బండ ఎలా కాగి ఎలా ఆరిపోతుందో, చెరువూ అంతే.

ఆ రోజుల్లో గువ్వలకొండ కింద ఒక పెద్ద చెరువు ఉండేది. మూడువైపులా కొండ, నాలుగోవైపు ఉసిరితోపు. నీళ్ళ మీద ఎర్రకలువలు, తెల్లకలువలు. కార్తీకమాసం వస్తే చాలు, ఎక్కడెక్కడి ఊళ్ళవాళ్ళో బళ్ళు కట్టుకుని ఆ చెరువు చూడటానికి వచ్చేవాళ్ళు. రెండుమూడు రోజులు ఉసిరిచెట్ల కిందే వంటలు, భోజనాలు, పాటలు. పిల్లలు మధ్యాహ్నమంతా బండ మీంచి దూకడం, ఈదడం. చెరువుకి ఏడాదంతా ఎదురుచూపు, ఆ నాలుగు రోజులూ పండగ.

కానీ తెల్లవారుజామున మాత్రం ఒక్కరూ దిగేవాళ్ళు కాదు. కడవతో నీళ్ళు ముంచుకుని, పొయ్యి మీద కాచుకుని, ఒడ్డునే స్నానం కానిచ్చేవాళ్ళు.

ఒక ఏడు తాయారమ్మ అనే పెద్దావిడ వచ్చింది. కోడలు సీతాలు, మనవరాలు బంగారి ఆవిడ వెంట ఉన్నారు. బంగారికి ఆరేళ్ళు. వానాకాలంలో ఆ పిల్లకి జ్వరం వచ్చి, ఇరవై రోజులు కళ్ళు తెరవలేదు. అప్పుడు తాయారమ్మ మొక్కుకుంది: "స్వామీ, నా పిల్లని లేపు. కార్తీకంలో గువ్వలకొండ చెరువుకి వచ్చి, సూర్యోదయం కాకముందే మొలలోతు నీళ్ళల్లో నిలబడి నీకు దీపం వదులుతాను."

పిల్ల లేచింది. మొక్కు మిగిలింది.

వచ్చిన మర్నాడు తెల్లవారుజామున, అరటిదొప్పలో దీపం పెట్టుకుని తాయారమ్మ నీళ్ళల్లోకి దిగింది. పాదం మునిగింది. పిక్క మునిగింది. మోకాలి దగ్గరికి వచ్చేసరికి ఊపిరి అందలేదు. పెదవులు నీలంగా అయిపోయాయి. చేతిలో దీపం వణికి వణికి ఆరిపోయింది. సీతాలు పరుగున వచ్చి ఆవిణ్ణి ఒడ్డుకి లాక్కొచ్చింది.

"ఏమిటండీ అత్తయ్యా ఈ మొండితనం! మీకేమైనా అయితే నేనేం కావాలి?"

"రేపు మళ్ళీ దిగుతానే."

"రేపు ఎండెక్కగానే బళ్ళు కట్టేస్తారు. ఇంక దిగింది చాలు. ఒడ్డున పెట్టండి దీపం. దేవుడు కాదంటాడా?"

"దేవుడు కాదనడు. నాకే మనసొప్పదు," అంది తాయారమ్మ, పళ్ళు టకటకలాడుతుంటే.

చెరువుకి ఏడుపొచ్చింది. 'నన్ను చూడటానికి ఇంత దూరం వచ్చిన తల్లిని నేనే తరిమేశానే!' అనుకుంది.

సీతాలు గబగబా పొయ్యి దగ్గరికి వెళ్ళింది. పొయ్యి నిండా తెల్లటి బూడిదే. పుల్లతో పైపైన తోసి, ఉఫ్ఫుమని ఊదింది. బూడిద ఎగిరిపోయింది. అడుగున ఎర్రగా కణకణలాడుతూ నిప్పులు!

"నాయనమ్మా, ఇవి ఎక్కణ్ణించి వచ్చాయి?" అంది బంగారి.

తాయారమ్మ చేతులు కాచుకుంటూ నవ్వింది. "నిన్న సాయంత్రం నిప్పులేనే. మీద బూడిద కప్పాను. దాన్నే నివురంటారు. పైన చల్లగా కప్పి ఉంచితే, లోపల వెచ్చదనం తెల్లవార్లూ ఉంటుంది."

ఆ మాట చెరువు విన్నది.

సూర్యుడు కొండ మీదికి రాగానే అడిగింది. "స్వామీ, ఇవాళ నువ్విచ్చే వేడిని నేను లోపల దాచుకుంటాను. దాచుకోవచ్చా?"

"దాచుకో తల్లీ. కానీ మధ్యాహ్నం నీ దగ్గరికి పిల్లలు వస్తారు. నువ్వు చల్లగా ఉంటే విసుక్కుంటారు. ఓర్చుకోగలవా?"

చెరువు పిల్లలు దూకే బండ వైపు చూసింది. పిల్లలంటే దానికి ప్రాణం మరి. "ఓర్చుకుంటాను," అంది.

మధ్యాహ్నం అయింది. పిల్లలు బండ మీంచి దూకారు. దూకినవాళ్ళు దూకినట్టే కెవ్వుమన్నారు.

"అమ్మో! చల్లగా ఉందే!"

"ఈ చెరువుకి ఇవాళ ఏం పుట్టింది?"

ఒక్కొక్కరే ఎక్కి వెళ్ళి బండ మీద పడుకున్నారు. బండ మురిసిపోయింది.

"చూశావా? ఎండ వస్తే ఎండంతా నాదే. నేనేమీ దాచుకోను. నువ్వు వట్టి పిసినిగొట్టువి."

చెరువు వచ్చిన వేడిని వచ్చినట్టే అడుగుకి పంపుకుంటూ కూర్చుంది.

పొద్దుగూకింది. కొండ మీంచి చలిగాలి దిగింది. రోజూ వచ్చి, ఉన్న వేడంతా ఊడ్చుకుపోవడం దాని అలవాటు. ముందు బండని తడిమింది. బండ చిటికెలో చల్లారిపోయింది. తరవాత చెరువు మీద చెయ్యి వేసింది.

"ఏం చెల్లీ, పైన చల్లగా ఉన్నావు? లోపల ఏదో దాచినట్టున్నావే!"

చెరువుకి అబద్ధం చెప్పడం చేతకాదు. "దాచాను అక్కా. అది నాకోసం కాదు. ఒక నాయనమ్మ మొక్కు కోసం."

చలిగాలి చెయ్యి వెనక్కి తీసుకుంది. "మొక్కు అన్నాక నేను ముట్టుకోను," అంది. నీళ్ళ మీద ఒక్కసారి మెల్లగా నిమిరి, చప్పుడు చెయ్యకుండా కొండెక్కింది.

తూరుపు తెల్లబడుతోంది. అందరికన్నా ముందు బంగారి లేచి, చెరువు వైపు చూసి గట్టిగా కేకపెట్టింది.

"నాయనమ్మా! చెరువు అంటుకుంది! పొగలొస్తున్నాయి!"

నిజమే. నీళ్ళ మీంచి తెల్లటి పొగలు లేస్తున్నాయి. కలువల మధ్యనుంచి, గట్టు వెంబడి, మెల్లగా, మెత్తగా. తాయారమ్మ చూస్తూ నిలబడిపోయింది. ఆవిడకి ఏదో తోచింది. సీతాలు చెయ్యి పట్టుకున్నా ఆగలేదు. దీపం వెలిగించుకుని నీళ్ళల్లో పాదం పెట్టింది.

"అమ్మాయ్!" అంది.

"ఏమైందండీ అత్తయ్యా?"

"ఎవరో నీళ్ళు కాచిపెట్టారే!"

పాదం, పిక్క, మోకాలు, మొల. తాయారమ్మ నిటారుగా నిలబడింది.  దొప్పని నీళ్ళ మీద పెట్టి వేలితో చిన్నగా తోసింది. దీపం ఆ తెల్లటి పొగల్లోంచి కలువల వైపు కదిలింది.

అప్పుడు ఆవిడ వంగి, నీళ్ళని దోసిట్లోకి తీసుకుని కళ్ళకద్దుకుంది. "అమ్మా, నివురు ఊదేస్తున్నావా? నా మాట విన్నావా? పొద్దుపొద్దున్నే వచ్చే ముసలివాళ్ళకి, మొక్కులవాళ్ళకి ఎప్పుడూ ఇలాగే ఉండు తల్లీ."

బంగారి నాయనమ్మ కొంగు పట్టుకుని దిగింది. సీతాలు దిగింది. ఒడ్డున కడవలతో నిలబడ్డ వాళ్ళందరూ కడవలు అక్కడే వదిలేసి దిగారు. తెల్లవారుజామున తన ఒళ్ళో అంతమందిని చెరువు చూసుకోవడం అదే మొదటిసారి.

గువ్వలకొండ చెరువు నేర్చుకున్నది వాగు విన్నది. వాగు ఏటికి చెప్పింది. ఏరు దారిలో ఉన్న చెరువులన్నిటికీ చెప్పుకుంటూ పోయింది.

అప్పటినుంచే చెరువు నీళ్ళు మధ్యాహ్నం చల్లగా, చలికాలం తెల్లవారుజామున వెచ్చగా ఉంటాయి. అప్పటినుంచే పొద్దున్నే నీళ్ళ మీద తెల్లటి పొగలు లేస్తాయి. అది చెరువు తన నివురు ఊదుకోవడం.

అందుకని పిల్లలూ, మీరు మధ్యాహ్నం దూకినప్పుడు నీళ్ళు చల్లగా ఉంటే చెరువుని విసుక్కోకండి. రేపు తెల్లవారుజామున వచ్చే నాయనమ్మ ఎవరో, ఆవిడ కోసం దాచిపెడుతోంది.