నల్లతెర పక్కన కుర్చీ

ప్రశ్న అడిగితే జవాబు చెప్పడం ఆచార్య హైమవతి గారికి అలవాటు లేదు. అడిగినవాడి కుర్చీ జరపడమే ఆవిడ పద్ధతి. ఆ సంగతి తెలిసి కూడా ఆవిడ శిష్యుడు మస్తాన్ ఓ ఉదయం అడగనే అడిగాడు.

"మేడమ్, నీటిచుక్క ఎప్పుడు పడుతుందో ఎలుకకి ముందే ఎలా తెలుస్తోందంటారు?"

అడగడంలో సందేహం కన్నా సంబరమే ఎక్కువ. ఎలుక పుర్రెలో అమర్చిన చిన్న గాజుకిటికీ గుండా టూ ఫోటాన్ మైక్రోస్కోపు దాని మెదడులోకి చూస్తుంది. లేజరు సోకినప్పుడు, పనిలో ఉన్న నాడీకణం పచ్చగా మెరుస్తుంది. దాని నోటి దగ్గరి గొట్టంలోంచి చుక్క ఎప్పుడు పడాలన్నది, ఏ వరసా లేకుండా, కంప్యూటరే నిర్ణయిస్తుంది. అయినా ప్రతిసారీ చుక్కకి మూడు సెకన్ల ముందే, మెదడులో ఎక్కడెక్కడో ఉన్న రెండు ప్రాంతాలు ఒక్కసారిగా వెలుగుతున్నాయి. ఐదేళ్ళ పరిశోధన, రాబోయే డాక్టరేటు, అన్నీ ఆ మూడు సెకన్ల మీదే నిలబడి ఉన్నాయి. రాబోయేది తెలిసిన ఎలుకని కనిపెట్టినవాడికి కాళ్ళు నేలమీద ఆనుతాయా మరి.

హైమవతి గారు అతని కుర్చీ ఎత్తి గది బయట పెట్టారు. "ఇవాళ్టికి ఇక్కడ కూర్చో. యంత్రం పని యంత్రం చూసుకుంటుంది."

తలుపు మూసిన గదిలో యంత్రం గంటసేపు నడిచింది. తర్వాత మస్తాన్ రికార్డు చూసుకున్నాడు. చుక్క పడ్డాకే కణాలు వెలిగాయి. ముందు ఒక్కటంటే ఒక్కటి వెలగలేదు.

"ఎలుకకి ఇవాళ ఒంట్లో బాగాలేదేమో మేడమ్," అన్నాడు, తనకే నమ్మకం లేకుండా.

ఆవిడ కుర్చీని మళ్ళీ లోపల, ఎలుక మీద వెలుతురు పడకుండా కట్టిన నల్లతెర పక్కన, పాత చోటే వేశారు. నీటిగొట్టం ఊడదీశారు. దీపాలు ఆర్పారు. తెరకి అవతల ఎలుక, ఇవతల వీళ్ళిద్దరూ.

"చుక్క పడబోయే ముందు నువ్వేం చేస్తావు?"

"ఏమీ చెయ్యను మేడమ్. చుక్కకి ఇంకెన్ని సెకన్లో స్క్రీన్ మీద అంకెలు దిగుతాయి కదా, మూడు రాగానే ఊపిరి బిగపడతాను, అంతే. బల్ల అదిరితే బొమ్మ చెదురుతుందని సీనియర్లు నేర్పారు. ఈ ల్యాబులో అందరం అలాగే చేస్తాం కదా."

"అయితే కళ్ళు మూసుకో. నీకు తోచినప్పుడు బిగపట్టు."

బిగపట్టాడు. చీకట్లో ఫ్యాను చప్పుడొక్కటే మిగిలింది. ఆవిడ చూడమన్నాక కళ్ళు తెరిచాడు. రెండు ప్రాంతాలూ స్క్రీన్ మీద పచ్చగా వెలిగి ఉన్నాయి. నీళ్ళు లేవు, అసలు గొట్టమే లేదు. ఊపిరి వదిలాడు, అవి మెల్లగా ఆరిపోయాయి. మళ్ళీ బిగపట్టాడు, మళ్ళీ వెలిగాయి.

డాక్టరేటు పోయిందన్న దిగులు కన్నా ముందు అతనికి భయమేసింది. ఇన్నాళ్ళుగా ఈ గదిలో చూస్తున్నది తానొక్కడే అనుకున్నాడు. తెరకి అవతల ఆ చిన్న ప్రాణి, తల కదపడానికైనా వీల్లేకుండా, అతని ప్రతి శ్వాసనీ వింటూనే ఉంది. మస్తాన్ బిగపట్టిన ఊపిరి వదల్లేదు. పచ్చటి వెలుగూ అలాగే ఉంది.

"ఊపిరి వదులు నాయనా," అన్నారు హైమవతి గారు గొంతు తగ్గించి. "అది ఎదురుచూస్తోంది."