తల్లిరెక్క సంఘం గృహప్రవేశం

దొడ్లో ఎర్రపెట్ట ఇంకా మొదటి గుడ్డయినా పెట్టలేదు, అప్పుడే ఒక సంఘం పెట్టేసింది. పేరు తల్లిరెక్క. తల్లులు సంతగంపల్లో వెళ్లిపోతే మిగిలిన కోడిపిల్లల్ని చేరదీయడం దాని పని. సంగతి విని ముసలి పుంజు పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది. ఎర్రపెట్ట పట్టించుకోలేదు. అప్పుడప్పుడే కొమ్ములు మొలిచి, ఆ దురదకి కనిపించిన ప్రతి గోడనూ కుమ్ముతున్న గౌరి అనే ఆవుపెయ్యను జత చేసుకుని, పిల్లలన్నిటినీ విరిగిన ఎడ్లబండి కిందకి చేర్చింది.

అంతా బాగానే ఉంది గానీ, తొలకరి మబ్బులు కమ్ముకొస్తున్నాయి. గట్టి వాన పడితే బండి కింద నీళ్లు నిలుస్తాయి, తడిసిన పిల్లలు తెల్లారేదాకా బతకవు. ఎర్రపెట్ట పొడి చోటు కోసం దొడ్డంతా వెతికింది.

సరిగ్గా అప్పుడే నక్క పెద్దమనిషిలా వచ్చింది. చిన్నవాళ్లయినా మీది పెద్ద మనసని అందరూ వినేలా మెచ్చుకుంది. గుట్ట మీద బండరాయి కింద తన ఇల్లు పొడిగా, వెచ్చగా ఉంటుందనీ, దాన్ని సంఘానికి ఇచ్చేస్తున్నాననీ, పిల్లల్ని వెంటనే తోలుకురమ్మనీ చెప్పింది. చెబుతూ చెబుతూ గుటకలు వేసింది.

ఆ గుటకలు చూడగానే ఎర్రపెట్టకు సంగతి అర్థమైంది. పైకి మాత్రం తొణకలేదు.

"దేవుడిలా వచ్చావు బాబాయ్. గృహప్రవేశం చేసుకుని చేరతాం."

"పిల్లలు లోపలికొస్తే అదే గృహప్రవేశం కదమ్మా."

"ముందు ఆవు అడుగు పెట్టాలి కదా. ఎవరింటికైనా అంతే. మా గౌరి ఉందిగా."

దొడ్డంతా వింటోంది, కాదంటే అనుమానం వస్తుంది. ఎలాగూ ఆ ఇరుకు కన్నంలో పెయ్య పట్టదనుకుని నక్క సరేనంది.

దొడ్డంతా కలిసి గుట్టెక్కింది. గౌరి ఆ కన్నంలో పట్టని మాట నిజమే. కానీ గుమ్మం చుట్టూ ఉన్నంత మెత్తటి మట్టి దాని కొమ్ములకు ఎప్పుడూ దొరకలేదు. హాయిగా కుమ్మింది. గుమ్మం వెడల్పై లోపల ఎండ పడేసరికి, గుట్టగా పడున్న కోడి ఈకలు అందరి కంటా పడ్డాయి. వెంట వచ్చిన దొడ్లో కుక్కలు నక్కను పొలిమేర దాకా తరిమాయి.

సాయంత్రం వాన కుండపోతగా కురిసింది. పిల్లలు బండ కింద పొడిగా నిద్రపోతున్నాయి, గుమ్మానికి అడ్డంగా గౌరి పడుకుంది. నక్క తడిసి ముద్దై వచ్చి, ఓ మూల చోటిమ్మని దూరం నుంచే బతిమాలింది.

"ఇచ్చేశావు కదా బాబాయ్," అంది ఎర్రపెట్ట. "ఇక్కడ తల్లి లేని పిల్లలకే చోటు."

నీతి: సాయం చేసేవాళ్ల వయసు చూడనక్కర్లేదు గానీ, సాయం ఇస్తామని వచ్చేవాళ్ల ఇల్లు మాత్రం లోపలిదాకా చూడాలి.