సువర్చల హోటల్‌కి ఛైర్మన్

సువర్చల విశాఖపట్నంలో సముద్రం ఒడ్డున ఫైవ్ స్టార్ హోటల్ కట్టించింది. స్థలం వెతికిందీ, పునాది దగ్గర్నుంచి దిండు గలేబుల దాకా ఎంచిందీ ఆమే. అయినా వచ్చిన ప్రతి పెద్దమనిషీ ఆమెతో నాలుగు మాటలు మాట్లాడి, అసలు ఓనరు వస్తున్నాడేమోనని ఆమె భుజం మీదుగా వెనక్కి చూసేవాడు.

ఏడాది తిరిగేసరికి ఆమెకు విసుగెత్తింది. తమ్ముడు ఫణీంద్రని ఛైర్మన్‌గా కూర్చోబెట్టి, తాను వెనక ఉండి పని చూసుకుందామనుకుంది. ఆ సాయంత్రమే బోర్డు మీటింగు. ముందు గురువుగారి చెవిన వేద్దామని మాణిక్యాంబగారిని పిలిపించింది.

మాణిక్యాంబగారు ఆ రోజుల్లోనే మూడు పెద్ద హోటళ్ళు నడిపిన మనిషి. పక్క మీద దుప్పటి ముడత లేకుండా పరవడం నుంచి, కోపంగా వచ్చిన అతిథిని నవ్విస్తూ పంపడం దాకా సువర్చలకి నేర్పింది ఆవిడే. శిష్యురాలు చెప్పిందంతా విన్నారు. అవుననలేదు, కాదనలేదు.

అంతలో భీమవరం నుంచి రొయ్యల వ్యాపారి సత్తిరాజుగారు వచ్చారు. కూతురి పెళ్ళికి హోటలంతా తీసుకున్నారాయన. మండపం సముద్రం వైపు పచ్చిక మీదే వేయాలని పట్టుబట్టారు. ఈ నెలలో అక్కడ గాలి విపరీతం, మండపం నిలవదు, లోపలి ఆవరణలో వేద్దామంది సువర్చల.

"నీకు తెలవదులే అమ్మాయ్. మగాళ్ళెవరన్నా ఉంటే పిలు, మేం మేం మాట్లాడుకుంటాం," అన్నారాయన.

సువర్చల మొహం కందిపోయింది. మాణిక్యాంబగారు మాత్రం, "దానికేం భాగ్యం," అంటూ లేచి వెళ్ళారు.

ముందు సెక్యూరిటీ ఆఫీసరు అప్పలసూరిని వెంటబెట్టుకొచ్చారు. మిలిటరీలో చేసి వచ్చిన మనిషి. ఆ మీసాలు చూడగానే సత్తిరాజుగారికి ప్రాణం లేచొచ్చింది. గబగబా లేచి చెయ్యి కలిపి, సంగతంతా చెప్పుకొచ్చారు.

"మేడమ్‌గారు వద్దంటే వద్దేనండి. మరింకేటీ లేదు," అన్నాడు అప్పలసూరి.

తరవాత ఇంజనీరొచ్చాడు. మేడమ్ సరేననకుండా ఆ పచ్చికలో మేకు కూడా దిగదన్నాడు. వంటమాస్టరైతే చేతులు తుడుచుకుంటూ వచ్చి, మేడమ్ రుచి చూడందే పెళ్ళి పాయసమైనా బయటికి రాదని, ఎవరూ అడక్కుండానే చెప్పి చక్కాపోయాడు.

చివరికి మాణిక్యాంబగారు, మీటింగుకని అప్పుడే కారు దిగిన ఫణీంద్రని తీసుకొచ్చి, సువర్చల తమ్ముడని చెప్పారు. సత్తిరాజుగారి మొహం వెలిగిపోయింది. ఇంటి మగవాడు దొరికాడు కదా! మళ్ళీ మొదట్నుంచీ మొదలెట్టబోయారు.

ఫణీంద్ర అయోమయంగా చూశాడు. "నన్నెందుకు పిలిచారండీ? మా అక్క ఉందిగా."

సత్తిరాజుగారు తన కుర్చీ సువర్చల వైపు తిప్పుకుని కూర్చున్నారు.

"అయితే మీరే చెప్పండమ్మా. ఎక్కడేయిద్దాం?"

సువర్చల చెప్పింది. మండపం ఏ మూల వేయాలో, మగపెళ్ళివారు ఎటునుంచి దిగాలో, ముహూర్తం వేళకి పందిట్లో దీపం కొండెక్కకుండా ఏం చేస్తారో అన్నీ చెప్పింది. గొంతు ఎక్కడా తడబడలేదు. ఆయన ఆయ్, ఆయ్ అంటూ తలూపారు. వెళ్ళేముందు రెండు చేతులూ ఎత్తి నమస్కారం పెట్టి, రెండో అమ్మాయి పెళ్ళి కూడా మీ చేతుల మీదుగానే జరగాలని మాట తీసుకున్నారు.

హోటల్ తెరిచిననాడు కూడా సువర్చలకి ఇంత సంతోషం కలగలేదు. మనసు గాల్లో తేలిపోతోంది.

మాణిక్యాంబగారు ఆమె పక్కన వచ్చి కూర్చున్నారు.

"సాయంత్రానికి ఛైర్మన్ కావాలన్నావు కదే," అన్నారు. "ఇంకెవరినైనా పిలుచుకురానా?"