కడుక్కుని రమ్మన్న సభ

"మళ్ళీ మా నీళ్ళు బురద చేశావు! నీ మూతి విరగ!" అని దుప్పుల పెద్ద కొమ్మురాజు అరిచాడు.

"నీళ్ళమీద నీ పేరు రాసుందా? ఏదీ, చదివి చెప్పు!" అంది అడవిపంది ముట్టెమ్మ. అని ఇంకో పొర్లు పొర్లింది.

నల్లమద్ది అడవిలో ఈ తగవు ఏడేళ్ళనాటిది. ఆ అడవిలో దుప్పుల మంద ఒకటి, పందుల మంద ఒకటి, ఒక చిరుత ఉండేవి. తాగడానికి ఉన్న మడుగు ఒక్కటే. దుప్పులకి తేటనీళ్ళు కావాలి. పందులకి బురద కావాలి. ఏడేళ్ళుగా తిట్టుకోవడమే గాని మాట్లాడుకున్నది లేదు.

ఆ ఏడు వానలు పడలేదు. మడుగు సగానికి దిగింది.

చుక్కమ్మ అనే దుప్పికి చంటిపిల్ల ఉంది. నిరుడు పుట్టిన పిల్ల బురదనీళ్ళు తాగి, కడుపు చెడి చచ్చిపోయింది. ఈ పిల్లనైనా దక్కించుకోవాలని చుక్కమ్మ ఆరాటం.

"బావా, తిడితే మడుగు నిండుతుందా? పందుల్ని పిలిచి మాట్లాడు," అంది.

"సరే, సభ పెడతాను. ఎవరైనా మనసు విప్పి మాట్లాడొచ్చు. కాకపోతే ఆ బురద వదిలించుకుని రమ్మను. ఆ కంపు నేను పడలేను," అన్నాడు కొమ్మురాజు.

చుక్కమ్మకి ఆ మాట నచ్చలేదు. అయినా సభంటూ జరిగితే చాలనుకుంది.

ముట్టెమ్మ వచ్చింది. ఇసకలో ఒళ్ళు రుద్దుకుని మరీ వచ్చింది. మిట్టమధ్యాహ్నం ఎండకి చర్మం ఎర్రగా కమిలిపోయింది. ఈగలు ముసిరాయి. కుర్ర దుప్పులు "పెళ్ళికూతురు వచ్చిందర్రా!" అని ఇకిలించాయి.

"దొరా, ఈ మడుగు సంగతి ఒకటి చెప్పాలి..."

"ముందు తప్పు ఒప్పుకో."

"ఆ తప్పెవరిదో తర్వాత తేలుద్దాం. ముందు ఈ నీళ్ళు..."

"ముందు తప్పు!"

మూడుసార్లు నోరు తెరిచింది. మూడుసార్లూ కొమ్మురాజు అడ్డం పడ్డాడు.

"కడుక్కుని రమ్మన్నావు, వచ్చాను. నీకు కావలసింది నా మాట కాదు, నా దండం," అని ముట్టెమ్మ తన మందని తీసుకుని ఎండిపోయిన వాగువైపు వెళ్ళిపోయింది.

"చూశారా? మనం పిలిచాం. వాళ్ళే పోయారు," అన్నాడు కొమ్మురాజు. దుప్పులన్నీ తలలూపాయి. తొమ్మిది రోజులు తేటనీళ్ళు తాగి మురిసిపోయాయి. పదో రోజున మడుగు బీటలు వారింది.

చుక్కమ్మ పిల్లని వెంటబెట్టుకుని వాగుకి వెళ్ళింది.

"ఏం వదినా, ఇక్కడ కూడా సభ పెడతావా?" అంది ముట్టెమ్మ.

"లేదక్కా. ఇన్నేళ్ళూ అడగనిది అడుగుదామని వచ్చాను. అసలు మీరెందుకు పొర్లుతారు?"

"మాకు చెమట పట్టదు. బురద లేకపోతే ఎండకి ఒళ్ళు కాలిపోద్ది," అంది ముట్టెమ్మ. ఇంకా చాలా చెప్పింది. చుక్కమ్మ మధ్యలో నోరెత్తలేదు. అంతా అయ్యాక తన పిల్ల ఎలా పోయిందో చెప్పింది.

"నాకు తెలీదే," అంది ముట్టెమ్మ.

"నేనెప్పుడు చెప్పాను? తిట్టానంతే."

"అయితే ఆరోజు నేను చెప్పబోయింది కూడా విను. మడుగు ఎండుతుందని మా ముక్కులకి ముందే తెలిసింది. ఈ వాగు ఇసకలో చెలమ తవ్వితే నీళ్ళు ఊరతాయి. తవ్వడం మాకొచ్చు. తల గుంటలో పెట్టాక వెనకనుంచి చిరుత వచ్చినా మాకు తెలీదు. మొన్న మా చెల్లెల్ని అలాగే ఎత్తుకుపోయింది. కాపలాకి మీ చెవులు కావాలి."

చుక్కమ్మ కాపలా కాసింది. పందులు తవ్వాయి. ముందు తాగడం, తర్వాత పొర్లడం అని ఒప్పందం చేసుకున్నాయి. పిల్ల కడుపునిండా తాగింది.

చుక్కమ్మ పరుగున వెళ్ళి మందకి చెప్పింది.

"పందులు తవ్విన గుంటలో మేం మూతి పెట్టాలా? నీకు కావాలంటే వాళ్ళలోనే ఉండు!" అని కొమ్మురాజు వెలేశాడు. కదలబోయిన తల్లుల్ని కొమ్ములు అడ్డంపెట్టి ఆపాడు.

ఆరు రోజుల తర్వాత అతనే, మిగిలిన మందని వెంటబెట్టుకుని, తూలుకుంటూ వాగుకి వచ్చాడు.

"అడగడానికి నాకు మొహం లేదు," అన్నాడు.

"అడక్కపోయినా తాగు," అంది ముట్టెమ్మ.

చుక్కమ్మ వచ్చినవాళ్ళని లెక్కపెట్టింది. తను వెళ్ళేనాటికి, తనూ తన పిల్లా కాక, మందలో నలభై మూడు ఉండేవి. వచ్చినవి అతనితో కలిపి పద్నాలుగు. వాటిలో పిల్ల అనేది ఒక్కటీ లేదు.

ఒక మాట చివరిదాకా వినలేని కొమ్మురాజు గొప్పకి మంద కట్టిన వెల ఇరవై తొమ్మిది ప్రాణాలు.

నీతి: ఎదుటివాణ్ణి మనలా మారి రమ్మంటే అది మాట్లాడటం కాదు. వాడున్నచోటికి మనం వెళ్ళాలి, తెలియనిది అడగాలి, చెప్పేది పూర్తిగా వినాలి, ఆ తర్వాత మన బాధ చెప్పాలి.