జేగురు తుంటి పరీక్ష

అనగనగా ఒక అడవిలో, వానాకాలం వస్తే చాలు ఒళ్లు తెలియకుండా పొంగే వాగు ఒకటి ఉండేది. ఎగువన కొండల మీద వాన పడితే దిగువన బొరియల్లో ఉండే కుందేళ్లకు ఆ సంగతి తెలిసేది కాదు. తెలిసేలోపు నీళ్లు గుమ్మంలోకి వచ్చేసేవి. అందుకని అడవి జంతువులన్నీ కలిసి వరద కబురు మోయడానికి ఒక కుక్కను పెట్టుకున్నాయి. నీరు పెరిగిందని ఎగువన ఉండేవాళ్లు చెప్పగానే ఆ కుక్క వాగులోని బండల మీదుగా దూకుతూ దిగువకు వెళ్లి అందరినీ లేపాలి.

కిందటేడు ఆ పని చేసిన కుక్కకు నడివాగులో తుంటి పట్టేసింది. కబురు ఆలస్యమైంది. కుందేలు కూనలు కొన్ని నీళ్లలో కొట్టుకుపోయాయి. అప్పుడు అడవికి పెద్ద అయిన ఎలుగు తాత ఒక కట్టడి పెట్టాడు. ఈ పని కావాలంటే ముందు కొంగ డాక్టరమ్మ దగ్గర తుంటికి ఎక్స్‌రే తీయించుకోవాలి. ఎముకలు బాగున్నాయని ఆమె సర్టిఫికెట్ ఇవ్వాలి. తొలకరి పడే రోజున, సర్టిఫికెట్ ఉన్నవాళ్లలో ఎవరు బాగా పరుగెత్తితే పని వాళ్లది.

ఆ పని మీద జేగురు అనే కుర్ర కుక్క ఎప్పటినుంచో కన్నేసి ఉన్నాడు. ఎర్రమన్ను రంగు ఒళ్లు, నేల మీద నిలవని కాళ్లు. వాడు దూకని బండ లేదు, తరమని ఉడుత లేదు. ఒక్కటే లోపం. పచ్చకామెర్ల వాడికి లోకమంతా పచ్చగా కనిపించినట్టు, వాడికి లోకమంతా కుట్రగా కనిపించేది. వాగులో తన నీడను చూసి కూడా, ఎవడ్రా నువ్వు, ఎందుకొచ్చావు అని అడిగే రకం.

జేగురు ఆసుపత్రికి వెళ్లాడు. ముందు గుమ్మం వాసన చూశాడు. తర్వాత బల్ల వాసన చూశాడు. ఆ తర్వాత డాక్టరమ్మ కాళ్లు కూడా వాసన చూశాడు. ఆమె ఏమీ అనుకోలేదు. ఓపికగా అంతా వివరించింది. తుంటి దగ్గర ఎముకతోనే చేసిన గిన్నె ఒకటి ఉంటుందట. తొడ ఎముక తల గుండ్రంగా ఉండి ఆ గిన్నెలో కూర్చుంటుందట. గిన్నె లోతుగా ఉంటే కుక్క ఎన్నేళ్లైనా దూకుతుంది. లోతు లేకపోతే ఎముక జారి జారి అరిగిపోతుంది. ఆ సంగతి మొదట్లో పైకి తెలియదు, ఎక్స్‌రేలోనే కనిపిస్తుంది. అందుకోసం వెల్లకిలా పడుకుని వెనక కాళ్లు బారచాపాలి. కదిలితే బొమ్మ చెడిపోతుంది కాబట్టి కాసేపు మత్తు ఇస్తారు.

వెల్లకిలా అనగానే జేగురు చెవులు నిక్కబొడుచుకున్నాయి. మత్తు అనగానే తోక కాళ్ల మధ్యకు పోయింది. కుక్కల్లో పొట్ట పైకి పెట్టి పడుకోవడమంటే ఓడిపోయానని ఒప్పుకోవడమే. పైగా తాను నిద్రలో ఉంటే ఈ పొడుగు ముక్కావిడ ఏం చేస్తుందో ఎవరు చూడొచ్చారు? బాగున్న ఎముకను తనే విరిచి, ఇదిగో విరిగింది అంటే దిక్కెవరు? రేపు వస్తానని చెప్పి వాడు బయటపడ్డాడు.

మర్నాడు మళ్లీ వెళ్లాడు. మత్తు వద్దు, బండరాయిలా పడుకుంటాను అన్నాడు. డాక్టరమ్మ సరేనంది. పడుకోవడమైతే పడుకున్నాడు. కానీ మిషన్ చప్పుడు కాగానే నడుము తిప్పి, అదేం చేస్తోందో తొంగి చూశాడు. బొమ్మ వంకరగా వచ్చింది. వంకర బొమ్మ చూసి సర్టిఫికెట్ ఇవ్వలేననీ, మత్తుకు ఒప్పుకుంటే మళ్లీ తీస్తాననీ ఆమె చెప్పింది. కావాలనే చెడగొట్టిందని జేగురు పళ్లు కొరికాడు.

బయట పొగడ అనే ఆడకుక్క తన వంతు కోసం కూర్చుని ఉంది. ఆమె కూడా ఆ పనికే పోటీ పడుతోంది. పొగడ దగ్గర చేపల వాసన వచ్చింది. కొంగకు చేపలంటే ప్రాణం. ఇంకేముంది, జేగురు లెక్క కుదిరిపోయింది. పొగడ ఉండేదే వాగు ఒడ్డున అనీ, ఆమె దగ్గర ఎప్పుడూ అదే వాసన అనీ వాడికి గుర్తు రాలేదు. అనుమానం పెనుభూతం అని పెద్దలు ఊరికే అన్నారా?

ఇంటికి వెళ్లేసరికి తమ్ముడు ఎండలో పొట్ట పైకి పెట్టి హాయిగా పడుకుని ఉన్నాడు. ఇద్దరూ ఒకే కాన్పులో పుట్టారు. ఒకే రంగు, ఒకే ఎత్తు, ఒకే ముఖం. ఎవరేం చెప్పినా కాదనడు కాబట్టి తమ్ముణ్ణి అందరూ మెత్తన్న అనేవారు. వాణ్ణి చూడగానే జేగురుకు ఒక ఉపాయం తట్టింది. తన బదులు వెళ్లి, తన పేరు చెప్పి, ఆ బల్ల మీద పడుకోమన్నాడు.

"అన్నా, అది అబద్ధం కదా?" అన్నాడు మెత్తన్న.

"అబద్ధమెలా అవుతుంది? ఒకే తల్లి పాలు తాగాం. నీ ఎముకైతేనేం, నా ఎముకైతేనేం?" అన్నాడు జేగురు.

మెత్తన్న వెళ్లాడు. మత్తు ఇస్తే కమ్మగా నిద్రపోయాడు. సాయంత్రానికి నోట కాగితం కరుచుకుని తిరిగొచ్చాడు. కాగితం మీద జేగురు పేరుంది. పేరు కింద ఉన్న మాటలు వేరేలా ఉన్నాయి. కుడి తుంటి గిన్నెకు లోతు లేదు. ఎముక జారుతోంది. ఈ పనికి పనికిరాడు. దూకడం మానాలి, ఒళ్లు పెరగనివ్వకూడదు, రోజూ నిదానంగా ఈదాలి. అలా చేస్తే కాలు పదికాలాల పాటు నిలుస్తుంది. లేకపోతే కుంటితనం తప్పదు.

తన అనుమానమే నిజమైందని జేగురు గెంతులేశాడు. చూశావా, ఇది పొగడ చేపలు పెట్టి రాయించిన కాగితమే అని అరిచాడు. మెత్తన్న మాత్రం కదల్లేదు.

"అన్నా, ఆ బొమ్మ నాదే కదా. మరి ఆ కాలు కూడా నాదే కదా?" అని అడిగాడు.

పిల్లలూ, జేగురుకు అప్పుడు ఒక సంగతి గుర్తొచ్చింది. ఈమధ్య తమ్ముడు నిద్ర లేస్తూ కుడికాలు ఈడ్వడం వాడు చూశాడు. బద్ధకం అనుకున్నాడు. ఇప్పుడు డాక్టరమ్మ మాట నిజమని ఒప్పుకుంటే, ఇన్నాళ్ల తన అనుమానమంతా వట్టిదని ఒప్పుకోవాలి. అది వాడికి మింగుడు పడలేదు.

"నీ కాలికేం కాలేదు. రేపు నాతో వచ్చి బండలు దూకు. నువ్వు దూకగలిగితే ఆ కాగితం అబద్ధమని తేలిపోతుంది. అప్పుడు ఎలుగు తాత దగ్గరికి వెళ్దాం" అన్నాడు.

అన్న చెప్పాడు కదా అని మెత్తన్న నమ్మాడు. తెల్లారగానే ఇద్దరూ వాగుకు వెళ్లారు. మొదటి బండ మీదికి మెత్తన్న బాగానే దూకాడు. జేగురు శభాష్ అన్నాడు. రెండో బండ మీద కాలు కొంచెం తడబడింది. ఏం కాదు, దూకు అన్నాడు జేగురు. మూడో బండ మీద వాలగానే కుడికాలు కిందికి మడతపడింది. మెత్తన్న పెట్టిన కేకకు చెట్ల మీద పిట్టలన్నీ లేచిపోయాయి. ఆ కేకలో మాత్రం జేగురుకు ఏ కుట్రా వినిపించలేదు.

తమ్ముణ్ణి వీపున వేసుకుని వాడు ఆసుపత్రికి పరుగెత్తాడు. జరిగిందంతా దాచకుండా చెప్పాడు. డాక్టరమ్మ తిట్టలేదు. కాలు సరిచేసి, కట్టు కట్టింది.

"నిన్నటిదాకా వీడు దూకకుండా ఉంటే చాలనుకున్నాను. ఇవాళ నడిస్తే చాలనుకుంటున్నాను" అంది.

 ఆ మాట విని జేగురు తనంతట తానే బల్ల ఎక్కి వెల్లకిలా పడుకున్నాడు. ఏమీ వాసన చూడలేదు, ఏమీ అడగలేదు. మత్తు వదిలాక డాక్టరమ్మ వాడి బొమ్మ వాడికి చూపించింది. తుంటి గిన్నెలు రెండూ లోతుగా, నున్నగా ఉన్నాయి. ఇంత మంచి ఎముకలు ఈ ఏడాది తాను చూడలేదని చెప్పి సర్టిఫికెట్ రాసిచ్చింది. మొదటి రోజునే పడుకుని ఉంటే మొదటి రోజునే వచ్చేది ఆ కాగితం. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు దాన్ని పట్టుకుని వాడు ఎలుగు తాత దగ్గరికి వెళ్లాడు. అప్పటికే తొలకరి చినుకులు పడుతున్నాయి.

పరుగు పందెంలో జేగురే ముందు వచ్చాడు. అప్పటికే సర్టిఫికెట్ తెచ్చుకున్న పొగడ వెనకబడింది. అయినా ఎలుగు తాత పని పొగడకే ఇచ్చాడు. అడవిలో జరిగినవి తాత చెవిన పడకుండా ఉంటాయా?

"నీ ఎముకలు మంచివే. కానీ వరద వస్తోందని ఎవరైనా చెబితే, నమ్మడానికి నీకెంతసేపు పడుతుంది?" అని అడిగాడు తాత.

 జేగురు తల వంచుకుని ఇంటికి వచ్చాడు. మెత్తన్న మూడు కాళ్ల మీద లేచి, తోక ఊపుతూ ఎదురొచ్చాడు.

"నీ బొమ్మలో ఏం వచ్చింది అన్నా?"

"బాగుందని వచ్చింది."

"పోనీలే, మంచిదే. నీకు కూడా నాలాగే ఉంటుందేమోనని ఎంత భయపడ్డానో" అన్నాడు మెత్తన్న.

ఆ మాటలో జేగురు ఎంత వెతికినా మెత్తన్న సంతోషం తప్ప ఇంకేమీ దొరకలేదు. తమ్ముడి కట్టు మీద తల ఆనించి ఏడ్చాడు.

నీతి: అనుమానం వస్తే అడిగి తీర్చుకోవాలి కానీ, దాన్ని నిలబెట్టుకోవడానికి మనల్ని నమ్మినవాళ్ల కాళ్లను పణంగా పెట్టకూడదు.