గోడంత రాజు

ఒకానొక రాజ్యంలో, దాని పేరుతో మనకు పనిలేదు గానీ, ప్రతాపగజేంద్రుడనే రాజు ఉండేవాడు. కిరీటం పెద్దది, మాట అంతకంటే పెద్దది. ఆయన కొలువులో బుచ్చిలింగమని ఒక ముసలి చిత్రకారుడు. అరచేతంత పలక మీద ఉడుత తోక వెంట్రుకల కుంచెతో మనుషుల్ని దించేసేవాడు. చూసినవాళ్లు ముక్కున వేలేసుకునేవారు.

ఒకరోజు రాజు తన బొమ్మను చేతిలోకి తీసుకుని మొహం చిట్లించాడు.

"ఏమయ్యా, అరచేతిలో ఇమడడానికి నేనేమన్నా తమలపాకునా? సభలో ఈ గోడ నిండా నేనే ఉండాలి! నలభై రోజులు గడువు. అందులో నన్ను పోల్చుకోలేకపోయానో, కుంచెలు సర్దుకుని రాజ్యం దాటి పో!"

ఈ వయసులో బుచ్చిలింగం ఎక్కడికని పోతాడు? యాభయ్యేళ్లుగా వేళ్లు కదిపి గీసినవాడు ఇప్పుడు భుజమంతా కదపాలి. పరంజా ఎక్కి కన్ను గీస్తే అది కన్నో చెరువో ఆయనకే తెలిసేది కాదు. దిగేవాడు, అర్జీలు పట్టుకుని జనం నిలబడే వాకిలి దాకా నడిచేవాడు, చూసుకుని మళ్లీ ఎక్కేవాడు. మోకాళ్లు అరిగిపోయాయి పాపం! కానీ అలా తిరగడంలోనే ఆయనకో సంగతి బోధపడింది. "ఓహో, ఇదా కథ!" అని తనలో తను నవ్వుకున్నాడు.

నలభయ్యో రోజున తెర తీశారు. ఆ సభలో దేన్నైనా అందరికంటే దగ్గరగా రాజే చూడాలని ఆచారం. అందుకని సింహాసనాన్ని గోడకు మూరెడు దూరంలో వేశారు. రాజు తలెత్తాడు.

"ఈ నల్ల మోకు ఏమిటి?"

"తమరి మీసం, మహాప్రభూ."

"ఈ గుహ?"

"తమరి ముక్కు."

పక్కనున్న మంత్రులు "అద్భుతం!" అన్నారు గానీ వాళ్లకూ ఏమీ అంతుపట్టలేదు. రాజు కళ్లెర్రజేశాడు. "ఇందులో నేనెక్కడయ్యా? సర్దుకో కుంచెలు!"

అంతలో వాకిలి దగ్గర జనం "అచ్చం దొరే!" అని కేకలు పెట్టారు.

"వాళ్లకు కనబడేది నాకెందుకు కనబడదు?"

"చిన్న బొమ్మ మనిషిని దగ్గరికి పిలుస్తుంది, ప్రభూ. పెద్ద బొమ్మ దూరంగా నెడుతుంది. ఇంత పెద్దవారిని చూడాలంటే అక్కడికి వెళ్లి నిలబడాల్సిందే. నేను రోజుకు ఇరవైసార్లు నిలబడ్డాను."

రాజుకు పంతం వచ్చింది. కిరీటం మంత్రి చేతిలో పెట్టి, భటుల్ని ఆగమని, విసవిసా వాకిలికి నడిచాడు. అక్కడ ఒక అవ్వ గోడమీంచి చూపు తిప్పకుండానే ఆయన్ని మోచేత్తో నెట్టింది.

"కాస్త పక్కకు జరుగు నాయనా, దొరవారు కనబడటం లేదు."

"ఎన్నాళ్లుగా వస్తున్నావవ్వా?"

"తొమ్మిదేళ్లు. ఆయన మొహం ఎలా ఉంటుందో ఇవాళే తెలిసింది."

రాజు గోడవంక చూశాడు, అవ్వవంక చూశాడు. సిగ్గేసింది. ఆ తర్వాత కళ్లలో నీళ్లు తిరిగేలా పగలబడి నవ్వాడు.

"బుచ్చిలింగం! నువ్వెక్కడికీ పోనక్కర్లేదయ్యా!" అంటూ తన చేతి కడియం తీసి, వాకిలి దాకా వచ్చిన ఆయనకు తొడిగాడు. "ఇంకో బొమ్మ గీయి. నేనూ, ఈ అవ్వా. అరచేతంత చాలు."

"అంత చిన్నదాంట్లో ఇద్దరు పట్టాలంటే కాస్త దగ్గరగా నిలబడాలి, మహాప్రభూ."

రాజు ఒకడుగు అవ్వ వైపు జరిగాడు.

"ఆయన గీసేలోగా నీ అర్జీ ఏమిటో చెప్పవ్వా" అన్నాడు.